నాయనమ్మ పేరు, అమ్మమ్మ ఊరు

(కోఠీ కథలు: 8వ భాగం)

1806 మార్చి 25. లండన్‌లో మేరీల్‌బోన్ చర్చి. ఇద్దరు చిన్నపిల్లలకు జ్ఞానస్నానం జరుగుతోంది. పిల్లవాడికి అయిదేళ్ళు నిండి మూడు వారాలు. పిల్లకు నాలుగేళ్ళు నిండడానికి ఇంకా రెండు వారాలుంది. ఆ పొద్దుటిదాకా వాడి పేరు మీర్ గులాం అలీ, ఇంట్లో పిలుపు సాహిబ్ ఆలం. ఆ పిల్ల నూరున్నీసా, ఇంట్లో సాహిబ్ బేగం. చర్చి గడప దాటి బయటికి వచ్చేసరికి వాడు విలియం జార్జ్ కిర్క్‌పాట్రిక్. ఆ పిల్ల కేథరిన్ అరోరా కిర్క్‌పాట్రిక్.

గత వారం దాకా మనం మేజర్ జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్‌ని దర్బారులో, దండులో, సంతకాల బల్ల దగ్గర చూశాం. నిజాం అలీ ఖాన్ చేత హష్మత్ జంగ్ బిరుదు అందుకున్న ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా చూశాం. ఖైరున్నీసాతో ఆయన పెళ్ళి ఎంత అల్లరికి దారితీసిందో, గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణలు ఎంతదాకా వెళ్ళాయో కూడా చెప్పుకున్నాం. ఈ వారం ఆ ఉద్యోగిని పక్కన పెట్టి ఆయన వంశం సంగతి మాట్లాడుకుందాం. ఆయన ఎవరి కొడుకు? ఆయన బిడ్డలు ఏమయ్యారు? హైదరాబాదు కోఠీలో తెల్లని స్తంభాలతో నిలబడ్డ ఆ రెసిడెన్సీ మేడకు అసలు వారసులెవరు?

మొదట ఆ కొత్త పేర్లు చూడండి. ఊరికే పెట్టినవి కావవి. జేమ్స్ అన్నలు ఇద్దరు, విలియం, జార్జ్. పిల్లవాడికి ఆ ఇద్దరు పెదనాన్నల పేర్లూ కలిసి వచ్చాయి. జేమ్స్ తల్లి పేరు కేథరిన్. మనవరాలికి నాయనమ్మ పేరు వచ్చింది. మన ఇళ్ళలోనూ జరిగేది ఇదే కదా, పోయిన పెద్దవాళ్ళ పేరు పసిబిడ్డకు పెట్టుకుని ముద్దుగా పిలుచుకుంటాం. అయితే మనం ఒక పేరు తెచ్చి పెట్టుకోవడానికి ఇంకో పేరు తుడిచెయ్యం. ఇక్కడ తుడిచారు. తండ్రివైపు వాళ్ళంతా పిల్లల పేర్లలోకి వచ్చి కూర్చున్నారు. తల్లి, అమ్మమ్మ, హైదరాబాదు ఒక్కపూటలో వెళ్ళిపోయాయి.

సరే, ఆ తండ్రివైపు ఎవరు?

మూలపురుషుడి దగ్గరే మొదలుపెడదాం. జేమ్స్ తండ్రి పేరూ జేమ్సే. మద్రాసు సైన్యంలో కర్నల్. అందగాడని ఎంత పేరంటే అందరూ ఆయన్ను 'హ్యాండ్సమ్ కర్నల్' అనే పిలిచేవారు. పుట్టింది 1729లో, అమెరికాలోని కరొలీనాలో. అక్కణ్ణుంచి ఇంగ్లాండు, ఇంగ్లాండు నుంచి మద్రాసు. ఒక్కచోట కుదురుగా ఉన్న మనిషి కాడు. 1754లో ఐర్లాండులో ఒక స్త్రీతో ఆయనకు కొడుకు పుట్టాడు. పెళ్ళి లేదు. ఆ బిడ్డే విలియం. తండ్రి పెంపకం దక్కకుండానే పెరిగాడు. తర్వాత 1762లో కర్నల్ మద్రాసులో పద్ధతిగా పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళికూతురు కేథరిన్ మన్రో, సెయింట్ జార్జ్ కోట వైద్యుడు ఆండ్రూ మన్రో కూతురు. మరుసటి ఏడు జార్జ్ పుట్టాడు. 1764 ఆగస్టు 22న, ఆ కోటలోనే, మన జేమ్స్ అకిలీజ్ పుట్టాడు.

అంటే హైదరాబాదు రెసిడెంటు పుట్టిన ఊరు చెన్నపట్నం! తెల్లదొర అనగానే ఓడ దిగి వచ్చినవాడే అనుకుంటాం. ఈయన ఈ గడ్డమీదే కళ్ళు తెరిచాడు. తల్లి కేథరిన్ 1766లో జ్వరంతో పోయింది. ఆమెకప్పుడు ఇరవై రెండేళ్ళు. జేమ్స్‌కి రెండేళ్ళు. తల్లి లేని ఆ ఇద్దరు పసివాళ్ళనూ ఓడెక్కించి ఇంగ్లాండు పంపారు. పదిహేనేళ్ళ వయసుకు జేమ్స్ కంపెనీ సైన్యంలో చేరి మళ్ళీ మద్రాసు రేవులో దిగాడు.

ఈ సంగతి గుర్తుంచుకోండి. తల్లి ముఖం గుర్తుండని వయసులో సముద్రం దాటిన మనిషి ఆయన. నలభై ఏళ్ళ తర్వాత తన బిడ్డల్ని కూడా అలాంటి పసి వయసులోనే, అదే సముద్రం మీదికి పంపాడు. ఆ రోజు ఆయన గుండెలో ఏముందో నేను చెప్పలేను. కానీ ఈ వంశవృక్షంలో నాకు కనిపించే మొదటి కొమ్మ అదే. ఆ ఇంట్లో పిల్లలు తల్లి ఒడిలోంచి ఓడలోకి వెళ్ళడం ఒక ఆనవాయితీలా సాగింది.

పెళ్ళి కాకుండా పుట్టిన పెద్దన్న విలియం తెలివిలో అందరికన్నా ముందుండేవాడు. ఫారసీ పండితుడు. 1793లో కంపెనీ పక్షాన నేపాల్‌కి రాయబారం వెళ్ళాడు. 1811లో ఆ దేశం గురించి ఆయన రాసిన పుస్తకం, టిప్పు సుల్తాను ఉత్తరాలకు ఆయన చేసిన అనువాదం అచ్చయ్యాయి. 1794లో హైదరాబాదు రెసిడెంటుగా వచ్చి తమ్ముణ్ణి తన దగ్గరికి సహాయకుడిగా రప్పించుకున్నాడు. ఒళ్ళు బాగోక 1797లో ఆయన వెళ్ళిపోతే ఆ కుర్చీ తమ్ముడికి దక్కింది. వేరే తల్లి బిడ్డలు, పెద్దయ్యాక గానీ ఒకర్నొకరు ఎరగనివాళ్ళు. అయినా జేమ్స్ తన మనసులో మాట చెప్పుకున్నది ఈ అన్నకే. ఖైరున్నీసా సంగతి ఇవాళ మనకు ఇంత వివరంగా తెలుస్తున్నదంటే జేమ్స్ ఈ అన్నకు రాసిన ఉత్తరాల చలవ చాలా ఉంది.

ఇక తల్లివైపు. తెలుగువాళ్ళం గనక అమ్మమ్మ గారింటి సంగతి తీరిగ్గా చెప్పుకోవాలి.

ఖైరున్నీసా తాత బాకర్ అలీ ఖాన్. కంపెనీ సహాయక సైన్యానికి బక్షీ, అంటే జీతాల లెక్క చూసే పెద్ద అధికారి. ఇరాన్‌లోని షుష్తర్ నుంచి వచ్చి నిజాం కొలువులో పైకొచ్చిన కుటుంబాల బంధుత్వం వాళ్ళది. దివాన్ పదవిదాకా ఎదిగిన మీర్ ఆలం వాళ్ళకు దగ్గరి చుట్టం. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు పేరు ఆయనదే. ఆ ఇంటివాళ్ళు సయ్యదులు. తమ వంశం ప్రవక్త దాకా వెళుతుందని తరం తరం పేర్లు చెప్పుకోగలిగినవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో శజరా అంటారు, వంశవృక్షం రాసిన పత్రం. కరొలీనాలో మొదలై ఐర్లాండు, మద్రాసు తిరిగిన కర్నల్ గారి కుటుంబం ముందు నిలబెడితే ఎవరిది పాత వంశమో, ఎవరిది కొత్త వంశమో ఇట్టే తెలిసిపోతుంది. వెల్లస్లీ కచేరీలో మాత్రం ఖైరున్నీసా పేరు ఒక ఫిర్యాదు కాగితంగా మిగిలింది.

బాకర్ అలీ కూతురు షరఫున్నీసా. ఆమె కూతురు ఖైరున్నీసా. ఈ షరఫున్నీసాని పాఠకులు మరవకూడదు. ఈ కథలో గొప్ప మనిషి ఎవరని నన్నడిగితే రెసిడెంటు పేరు చెప్పను, ఈమె పేరు చెబుతాను. కూతురి మనసు తెలుసుకుని, తండ్రి అడ్డం పడుతున్నా ఆ పెళ్ళి దగ్గరుండి నడిపించింది ఈమే. జేమ్స్ ఇస్లాం స్వీకరించి షియా పద్ధతిలో నిఖా చేసుకున్నాడు. 1801 మార్చి 4న సాహిబ్ ఆలం, 1802 ఏప్రిల్ 9న సాహిబ్ బేగం పుట్టారు.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్ళి చెప్పాలి. 1800 అక్టోబరు 12న నిజాంతో కంపెనీ చేసుకున్న ఒప్పందం మీద సంతకం ఈ జేమ్స్ కిర్క్‌పాట్రిక్‌దే. ఆ ఒప్పందంతోనే కడప, బళ్ళారి, అనంతపురం సీమలు, కర్నూలు సీమలో కొంత భాగం కంపెనీ చేతికి పోయాయి. సైన్యం ఖర్చు కింద నిజాం రాసిచ్చిన ఆ నేలను అప్పట్నుంచి దత్తమండలాలు అన్నారు. ఆ పేరు నచ్చక 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకునేదాకా అదే పిలుపు. ఖైరున్నీసా మీద పుకార్లు హైదరాబాదు గల్లీల్లో తిరుగుతున్న రోజులూ, మన సీమ చేతులు మారిన రోజులూ ఒకటే. కలం పట్టిన చెయ్యి కూడా ఒకటే. ఆయన ప్రేమకథ చదివి కళ్ళు తడిచేసుకునే పాఠకుడు ఈ సంతకాన్ని కూడా చూడాలని నా కోరిక. ఒక మనిషి వంశం రాసేటప్పుడు ఆయన చేసిన మంచీ చెడూ రెండూ ఆ చెట్టుకే కాస్తాయి.

జేమ్స్ కట్టించిన మేడకు పథకం గీసింది మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. ముందు ఆరు పెద్ద స్తంభాలు, మెట్లు, ఇరుపక్కలా సింహాలు. వెనక తోటలో భార్య కోసం ప్రత్యేకంగా రంగ్ మహల్ అనే జనానా కట్టించాడు. అదిప్పుడు లేదు, 1860 నాటికి పడగొట్టేశారు. ఆ తోటలో మేడకు అచ్చు పోసినట్టుండే చిన్న నమూనా ఒకటి ఉంది. పర్దా దాటని బేగం మేడ ముందువైపు చూడలేదు గనక ఆమె కోసం చేయించిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. అది కథే కావచ్చు. అయినా తర్వాత ఆ మేడలోనే నడిచిన కోఠీ మహిళా కళాశాలలో చదువుకున్న ఏ ఆడపిల్లని అడిగినా ఈ కథ చెబుతుంది. తరతరాలుగా ఆడపిల్లల నోట నిలిచిన కథ గనక నాకు దాని మీద గౌరవం.

1805. పిల్లల్ని ఇంగ్లాండు పంపాలన్నాడు జేమ్స్. తల్లి ఒప్పుకోలేక ఒప్పుకుంది. పంపేముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడి చేత ఇద్దరి బొమ్మా నిలువెత్తున గీయించారు. హైదరాబాదీ జరీ దుస్తుల్లో, నగలతో ఆ అన్నా చెల్లెలూ మెట్ల మీద నిలబడి ఉంటారు. ఆ దుస్తుల్లో వాళ్ళను చూసిన ఆఖరు కళ్ళలో ఆ చిత్రకారుడివీ ఉండి ఉంటాయి. సెప్టెంబరులో రెసిడెన్సీ వైద్యుడు యూర్ గారి భార్య వెంట పిల్లలు ఓడెక్కారు. గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ పిలుపు మీద కలకత్తా బయల్దేరిన జేమ్స్ దారిలోనే జబ్బుపడ్డాడు. 1805 అక్టోబరు 15న కలకత్తాలో కన్నుమూశాడు. నలభై ఒక్క ఏళ్ళు. పిల్లలింకా నడిసముద్రంలో ఉన్నారు. మేరీల్‌బోన్‌లో వాళ్ళకు పేర్లు మార్చేనాటికి తండ్రి పోయి అయిదు నెలలు దాటింది.

పంతొమ్మిదేళ్ళ ఖైరున్నీసా విధవరాలైంది. ఆ తర్వాత ఆమె నమ్మిన మనిషి హెన్రీ రస్సెల్, భర్త దగ్గర సహాయకుడిగా పనిచేసినవాడే. ఆ బంధం నిలవలేదు. చుట్టమైన మీర్ ఆలమే పంతం పట్టి ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. కన్న ఊరు రాకూడదన్నారు గనక ఆమె మచిలీపట్నంలో ఉండిపోయింది. పక్కన తల్లి షరఫున్నీసా. బందరు రేవులో, బిడ్డల్ని తీసుకుపోయిన సముద్రమే కళ్ళెదుట పెట్టుకుని ఆ తల్లీ కూతుళ్ళు గడిపిన రోజుల్ని తలచుకుంటే నాకు చెయ్యి ఆడదు. రస్సెల్ అక్కడ మద్రాసులో వేరే పెళ్ళి చేసుకున్నాడు. మీర్ ఆలం పోయాక ఆమె హైదరాబాదు చేరగలిగింది. 1813 సెప్టెంబరు 22న పోయింది. ఇరవై ఏడేళ్ళు. బిడ్డల దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం ముక్కైనా చూడకుండానే పోయింది.

ఇంగ్లాండులో పిల్లలు చేరింది తాతగారి పంచకు. హ్యాండ్సమ్ కర్నల్ అప్పటికి డెబ్భై ఏడేళ్ళ ముసలివాడు, కెంట్‌లో ఉండేవాడు. 1818లో ఎనభై తొమ్మిదేళ్ళకు పోయాడు. మనవడు విలియం జార్జ్ దురదృష్టవంతుడు. 1812లో మరుగుతున్న నీళ్ళ పాత్రలో పడి అవిటివాడయ్యాడు. పెళ్ళై ముగ్గురు ఆడపిల్లలు పుట్టాక 1828లో, తల్లి పోయిన వయసుకే, ఇరవై ఏడేళ్ళకే పోయాడు.

కిట్టీకి, అంటే మన సాహిబ్ బేగానికి, అండగా నిలిచింది పెదనాన్న విలియం కూతుళ్ళు. ఇంగ్లీషువాళ్ళు వాళ్ళను దూరపు వరసలా చెప్తారు గానీ మన లెక్కలో వాళ్ళు ఆమెకు అక్కలే. ఒక అక్క బార్బరా ఇసబెల్లా బుల్లర్ల ఇంటి కోడలైంది. ఆమె కొడుకు చార్లెస్ బుల్లర్ తర్వాత పార్లమెంటులో పేరుపొందాడు. ఇంకో అక్క జూలియా భర్త ఎడ్వర్డ్ స్ట్రాచీ. బుల్లర్ పిల్లలకు చదువు చెప్పడానికి కుదిరిన పేద స్కాట్లాండు యువకుడు థామస్ కార్లైల్. 1824లో కార్లైల్ కిట్టీని చూశాడు, స్ట్రాచీలతో కలిసి ఇద్దరూ పారిస్ కూడా వెళ్ళొచ్చారు. ఆయన 'సార్టర్ రిసార్టస్'లో బ్లూమైన్ అనే పాత్రకు కిట్టీయే మూలమని చాలామంది నమ్ముతారు. ఆంగ్ల సాహిత్యం చదువుకునే మన పిల్లలు ఆ పేరు ఎక్కడో వినే ఉంటారు. ఆ అమ్మాయిది హైదరాబాదని పాఠం చెప్పేవాళ్ళు చెబుతున్నారో లేదో!

జూలియా సంతతి గురించి ఒక్క మాట. ఆమె మనవళ్ళలో ఒకడు లిట్టన్ స్ట్రాచీ, విక్టోరియా కాలపు పెద్దమనుషుల జీవితాలు రాసి ప్రపంచానికి తెలిసిన రచయిత. అంటే పెళ్ళి కాకుండా పుట్టిన విలియం కొమ్మ ఇంగ్లీషు వంశచరిత్రల్లో హాయిగా పూలు పూసింది. నిఖా అయ్యాక పుట్టిన జేమ్స్ బిడ్డల కొమ్మ మీద మాత్రం చాలాకాలం ఎండుటాకే. పెళ్ళి అయిందా లేదా అన్నది అక్కడ అసలు లెక్క కాలేదు. తల్లి ఎవరన్నదే లెక్క అయింది.

కిట్టీ 1829లో ఏడో హుస్సార్ల దళంలో కెప్టెన్ జేమ్స్ విన్స్‌లో ఫిలిప్స్‌ని పెళ్ళాడింది. పిల్లలు పుట్టారు, ఇల్లు నిండింది. కథ ఇక్కడితో ఆగిపోవలసిందే. 1841లో ఒకరోజు ఆమె బర్క్‌షైర్‌లోని స్వాలోఫీల్డ్ అనే భవనానికి వెళ్ళింది. హెన్రీ రస్సెల్ ఇల్లది. అవును, ఆ రస్సెలే. హైదరాబాదు రెసిడెంటుగా చేసి, డబ్బు గడించి, దొరగా స్థిరపడ్డాడు. ఆ ఇంటి గోడ మీద కిట్టీకి ఒక బొమ్మ కనిపించింది. జరీ దుస్తుల్లో ఒక పిల్లవాడు, పక్కన ఒక చిన్నపిల్ల. తనూ, తన అన్నా. మూడున్నరేళ్ళప్పుడు విడిచిన ఒంటిమీది బట్టలు ముప్ఫై ఆరేళ్ళ తర్వాత ఎదురుపడితే ఆ మనిషి ఏం కావాలి! అక్కడే నిలబడి ఏడ్చింది.

ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. హైదరాబాదు రెసిడెన్సీలో అప్పుడు సహాయకుడు డంకన్ మాల్కం. ఒకప్పుడు జేమ్స్ దగ్గర పనిచేసిన జాన్ మాల్కంకి బంధువు. ఆయన ద్వారా కిట్టీకి తెలిసింది, అమ్మమ్మ బతికే ఉందని.

షరఫున్నీసా బతికే ఉంది. భర్తనూ, కూతుర్నీ, అల్లుణ్ణీ పోగొట్టుకుని, ముసలితనంలో ఇబ్బందులు పడుతూ, హైదరాబాదులోనే ఉంది. అప్పుడు మొదలయ్యాయి ఆ ఉత్తరాలు. ఇంగ్లీషులో రాసే మనవరాలు, ఫారసీలో చెప్పి రాయించే అమ్మమ్మ. ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో మాల్కం. చిన్నతనంలో తల్లి కూర్చున్న చోటు తనకింకా కళ్ళకు కట్టినట్టుందనీ, విడిపోయేటప్పుడు ఆమె ఏడ్చిన ఏడుపూ, జుట్టు పీక్కోవడమూ గుర్తున్నాయనీ కిట్టీ రాసింది. ఆ జుట్టులోంచి ఒక్క పాయ దొరికితే ఎంతైనా ఇచ్చుకుంటానంది. మేడా వద్దు, జాగీరూ వద్దు. తల్లి తలలో వెంట్రుకలు కావాలి.

అమ్మమ్మ దాచి ఉంచింది. బిడ్డ పోయి దాదాపు మూడు దశాబ్దాలైనా దాచి ఉంచింది. మనవరాలి మాట చేరగానే ఉత్తరంతో పాటు ఆ జుట్టు పాయ ఇంగ్లాండు పంపింది.

చర్చి పుస్తకంలో కొట్టేసిన వరస అలా మళ్ళీ కలిసింది. షరఫున్నీసా, ఖైరున్నీసా, నూరున్నీసా. ఇది ఆడవాళ్ళ శజరా. దీన్ని ఏ రెసిడెన్సీ రికార్డులోనూ రాయలేదు. మనకు తెలిసిందల్లా ఆ ఉత్తరాల వల్ల, వాటిని పారేయకుండా దాచిన ఇంటివాళ్ళ వల్ల. 1893లో జూలియా కొడుకు ఎడ్వర్డ్ స్ట్రాచీ ఈ పెళ్ళి కథ బ్లాక్‌వుడ్ పత్రికలో రాస్తేనే ఇంగ్లాండు పాఠకుల ముందుకు వచ్చింది. 2002లో విలియం డాల్‌రింపుల్ పుస్తకంతో ప్రపంచమంతా చదివింది.

అమ్మమ్మా మనవరాలూ మళ్ళీ కలుసుకోలేదు. షరఫున్నీసా 1847 జులైలో పోయింది. రస్సెల్ చనిపోతూ చిన్నరీ గీసిన ఆ బొమ్మను కిట్టీకి రాసిచ్చాడు. కిట్టీ 1889లో, ఇంగ్లాండు దక్షిణ తీరాన టార్కీలో, ఎనభై ఆరేళ్ళకు కన్నుమూసింది. తర్వాత ఆ బొమ్మ చేతులు మారి హాంకాంగ్‌లో ఒక బ్యాంకు గోడకు చేరింది.

బొమ్మలో ఆ ఇద్దరూ ఇప్పటికీ ఆ పాత దుస్తుల్లోనే ఉన్నారు. విలియం జార్జ్‌గా, కేథరిన్‌గా మారడానికి ఇంకా ఆరు నెలల పైన ఉంది. సాహిబ్ ఆలం, సాహిబ్ బేగం.

(సశేషం)